బురదలో పట్టు.. తారు మీద తంటా
మన్యం జీపుల గుబ్బల టైర్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎంతకాలం మన్నుతాయి?

పాడేరు: మన్యంలో ముసురు పట్టిందంటే మండల కేంద్రం నుంచి గూడేనికి దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం మానేస్తారు. తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి జీపు ఎంతవరకు పోతుంది, మిగిలింది ఎంతసేపు నడవాలి అన్నదే లెక్క. సంతకు పసుపు, రాజ్‌మా మూటలు దిగాలన్నా, నెలలు నిండిన గర్భిణి ఆసుపత్రికి చేరాలన్నా మధ్యలోని ఆ ఎర్రమట్టి ముక్కను దాటించాల్సింది జీపే. ఆ జీపును దాటించేవి దాని టైర్లు. అవి ఆగిన చోట డోలీ మొదలవుతుంది.

అందుకే తొలకరికి ముందే ఇక్కడి జీపుల యజమానులు టైర్ల దుకాణాల చుట్టూ తిరుగుతుంటారు. పెద్ద పెద్ద గుబ్బలతో, లోతైన గాళ్లతో మొరటుగా కనిపించే టైర్ల కోసం వారి వెతుకులాట. కంపెనీలు వీటిని మడ్ టెరైన్ టైర్లు అంటాయి. వాడుకలో గుబ్బల టైర్లు, జీపు టైర్లు, లావు బటన్ టైర్లు అన్నా అవే. ఇటీవలి ఏళ్లలో థార్, గూర్ఖా, జిమ్నీ వంటి వాహనాలు కొన్న పట్టణ యువకులు కూడా వీటిపై మోజు పడుతున్నారు. అయితే ఈ టైరు అన్ని చోట్లా గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే బురదలో బయటపడిన బండి ఘాట్ మలుపులో అదుపు తప్పవచ్చు.

యుద్ధం నుంచి సంతకు

మన దేశంలో జీపు, గుబ్బల టైరు కలిసే పుట్టాయని చెప్పుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపుకు 6.00-16 కొలత టైర్లుండేవి. వాటి గుబ్బలు ఏ ఒక్క దిశకూ మొగ్గకుండా అడ్డంగా, ఎదురెదురుగా ఉండేవి. ముందుకు పోయినా, వెనక్కి వచ్చినా పట్టు ఒకటే. దిగబడిన బండిని వెనక్కి లాగాల్సి వచ్చే చోట అది చాలా ముఖ్యం. 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో జీపుల కూర్పు మొదలుపెట్టిన తరువాత అదే కొలత, అదే తీరు మన దారుల్లోకి వచ్చాయి. దశాబ్దాలపాటు అటవీ శాఖ, పోలీసు, విద్యుత్తు శాఖల జీపులన్నీ ఈ టైర్లపైనే తిరిగాయి. నేటికీ సంతకు జనాన్ని చేరవేసే పాత కమాండర్ జీపుల కింద కనిపించేవి చాలావరకు ఆ వంశం టైర్లే.

పొలంలో ట్రాక్టరుది వేరే కథ. 1932లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ ట్రాక్టరుకు గాలి టైరు తెచ్చేవరకు దానికి ఇనుప చక్రాలే గతి. ట్రాక్టరు వెనుక టైరుకుండే ఏటవాలు గుబ్బలకు దిశ ఉంటుంది. టైరు తిరిగే కొద్దీ బురదను మధ్య నుంచి పక్కలకు తోసేయడం వాటి పని. పక్కనున్న బాణం గుర్తును చూడకుండా తిరగేసి బిగిస్తే అదే గుబ్బ బురదను మధ్యలోకి పోగేస్తుంది. వరి మడిలో దమ్ముకు ఇంకా లోతైన గుబ్బలతో వేరే రకం టైర్లుంటాయి. డెల్టా రైతులు అంతకు మించి కేజీవీల్స్ తగిలిస్తారు. ఆ ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కి రోడ్డును చెక్కేయడం, కేసులు రాశారన్న వార్త దమ్ముల కాలంలో ఏటా రాసేదే.

కార్ల మాదిరి రేడియల్ నిర్మాణంతో ఇటు తారుపైన, అటు మట్టిలో నడిచే టైరును బీఎఫ్ గుడ్‌రిచ్ 1976లో మార్కెట్లోకి తెచ్చింది. తరువాత వచ్చిన రకాలను మూడుగా చూడవచ్చు. రోడ్డు కోసం చేసిన హైవే టెరైన్, రెండింటి మధ్య రాజీగా ఆల్ టెరైన్, బురద కోసమే చేసిన మడ్ టెరైన్. టైరు పక్కన హెచ్.టి., ఏ.టి., ఎం.టి. అని పొడి అక్షరాల్లో ఉంటుంది. దుకాణంలో అన్నిటినీ కలిపి ‘ఆఫ్ రోడ్ టైర్’ అనేస్తుంటారు కాబట్టి కొనేవారు ఆ రెండక్షరాలు తామే చదువుకోవాలి.

గుబ్బ ఏం చేస్తుంది?

మామూలు కారు టైరు బటన్‌ను నేలకు ఆనించి చూస్తే రబ్బరే ఎక్కువ, గాళ్లు తక్కువ. మడ్ టెరైన్ టైరులో సగానికి దగ్గరగా ఖాళీయే ఉంటుంది. కొత్త కారు టైరులో గాడి లోతు 8 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే, దీనిలో 13, 15 మిల్లీమీటర్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువే. గుబ్బ మెత్తటి నేలలోకి దిగి గునపంలా మట్టిని వెనక్కి తంతుంది. గాడిలో చేరిన బురద చక్రం తిరిగే విసురుకు బయటకు ఎగిరిపోవాలి. అలా ఎగిరిపోతేనే తరువాతి చుట్టులో గుబ్బకు మళ్లీ పని ఉంటుంది. గాళ్లు బురదతో పూడిపోయిన టైరుకు, నున్నటి గుండు టైరుకు తేడా లేదు. మంచి మడ్ టైరు గుణమంతా పట్టుకోవడంలో కన్నా వదిలించుకోవడంలోనే ఉంది.

గాళ్ల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు వరుసగా కనిపిస్తాయి. రాయి ఇరుక్కుని లోపలి పొరల దాకా తొలుచుకుపోకుండా బయటకు నెట్టడానికి పెట్టినవి అవి. టైరు భుజం మీదుగా పక్కకు దిగిన గుబ్బలకూ పని ఉంది. బండి చక్రాల జాడలో కూరుకున్నప్పుడు జాడ గోడలను పట్టుకునేవి అవే. ఇక పక్కభాగం. ఊళ్లో పంచరైతే మేకు బటన్‌లో గుచ్చుకుంటుంది. కొండదారిలో రాతి అంచు పక్కభాగాన్ని కోస్తుంది, దానికి అతుకు పడదు. కొన్ని మడ్ టైర్లకు పక్కన అదనపు పొర వేసేది ఇందుకే. ఏజెన్సీ దారులకు ఈ టైరు ఇచ్చే అసలు మేలు ఈ పక్కభాగపు గట్టిదనమేనని, గుబ్బలు ఆ తరువాతేనని పాత డ్రైవర్లు చెప్పే మాటలో నిజముంది.

బురదలన్నీ ఒకటి కావు

పాడేరు, చింతపల్లి ప్రాంతపు ఎర్రమట్టి వానకు పైన ఒక పొర మాత్రమే సబ్బులా జారుతుంది. కింద నేల గట్టిగానే ఉంటుంది. ఇక్కడ సన్నటి టైరు మేలు. బరువంతా కొద్ది చోట పడటంతో పై పొరను కోసుకుని గట్టి నేలను అందుకుంటుంది. పాత జీపుల 6.00-16 టైరు చూడటానికి బక్కగా ఉన్నా కొత్త బండ్ల వెడల్పాటి టైర్లు జారిపోయే చోట ఎక్కేస్తుండటానికి కారణం అదే.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నల్లరేగడి సంగతి వేరు. నీరు తాగితే ఉబ్బి జిగురుగా మారే బంకమట్టి అది. ఎర్రమట్టిలో చక్కగా శుభ్రపడే టైరు కూడా రేగడిలో పది గజాలకే గాళ్లు పూడి లడ్డూలా తయారవుతుంది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి బిగుసుకుని చక్రం తిరగడమే ఆగిపోయిన సందర్భాలు అక్కడి రైతులకు అనుభవమే. గుబ్బల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే అక్కడ అంత నయం. కాస్త వేగంగా చక్రం తిరిగితేనే మట్టి వదులుతుంది. అయితే ఎర్రమట్టి కొండవాలులో అదే వేగం పనికిరాదు, బండి పక్కకు కొట్టుకుపోతుంది.

శబరి, గోదావరి ఒడ్డు ఇసుక మరో తీరు. ఇసుకలో గుబ్బ తవ్వుతుంది, తవ్విన కొద్దీ బండి దిగుతుంది. అక్కడ నున్నటి వెడల్పు టైరు, తక్కువ గాలి ఉండాలి. మడ్ టైరుతో ఇసుకలోకి దిగినవారు యాక్సిలరేటర్‌ను నిదానంగా తొక్కడం తప్ప మార్గం లేదు. ఇక వాగులో గుండ్రాళ్లపై నాచు పట్టి ఉంటే ఏ టైరూ పూచీ పడదు.

గాలి దించడం, మళ్లీ పట్టడం

కొత్త టైర్లకు వేలకు వేలు పోయడానికి సిద్ధపడేవారు గాలి కొలతను మాత్రం పట్టించుకోరు. మెత్తటి నేలలో టైరు పనితనాన్ని మార్చేది ముందుగా గాలే. స్థూలంగా ఒక లెక్క చూడండి. ఒక్కో చక్రంపై 450 కిలోల బరువు పడుతోందనుకుందాం. టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే అది చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోల ఒత్తిడి. అంటే నేలకు ఆనే చోటు దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు, మనిషి పాదమంత. గాలిని 18 పౌండ్లకు దించితే ఆ చోటు 350 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. టైరు పక్కభాగపు బిగువు వల్ల అచ్చంగా ఇంతే పెరగకపోయినా, టైరు ఆనే నిడివి పెరిగి ఎక్కువ గుబ్బలు ఒకేసారి నేలను పట్టుకోవడం కళ్లకు కనిపిస్తుంది. రాళ్లపై టైరు ఒదిగి నడవడంతో కుదుపు కూడా తగ్గుతుంది.

దీనికి రెండు హద్దులున్నాయి. ట్యూబ్‌లెస్ టైరులో గాలి 15 పౌండ్లకన్నా దిగితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ట్యూబు టైరులో చిక్కు ఇంకా ముందే వస్తుంది. గాలి తగ్గినప్పుడు రిమ్ముపై టైరు కొద్దికొద్దిగా జరిగి, దానితోపాటు ట్యూబు జరిగి, వాల్వు మెడ తెగుతుంది. పాత జీపులన్నీ ట్యూబు బండ్లే కాబట్టి కారు యువకులు చేసిన పని వీటిలో చేయకూడదు. రెండో సంగతి బరువు. టైరు పక్కనున్న 109, 112 వంటి అంకెలు అది మోయగల బరువును చెబుతాయి. 109 అంటే 1,030 కిలోలు. అది నిండుగా గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది. సంత రోజున లోపల, వెనుక, టాపు మీద జనంతో, మూటలతో పోయే జీపులో గాలి దించడమంటే టైరును చేతులారా కాల్చుకోవడమే.

దించిన గాలిని తారు ఎక్కగానే పట్టించాలి. సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అది లేకపోతే గాలి దించకుండా ఉండటమే క్షేమం. కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఈ విలేకరి ఎక్కిన ఒక జీపు లోపలి గూడెం నుంచి బురద దాటి బాగానే వచ్చింది. బురద కోసం దించిన గాలి అలాగే ఉండిపోయింది. సన్నని తుంపర పడుతున్న ఘాట్ దిగుడులో ఒక మలుపు వద్ద బ్రేకు వేయగానే బండి వెనుక భాగం లోయ వైపు గజం దూరం జారి, కంకర అంచున నిలిచింది. ఎవరూ మాట్లాడలేదు. వెనుక కూర్చున్న ముసలమ్మ మాత్రం ఒళ్లో కోడిని గట్టిగా పట్టుకుని ‘ఏమైంది బాబూ’ అని అడిగింది. చోడవరం వైపు మొదటి పంచరు షాపు దగ్గర డ్రైవరు దిగి నాలుగు టైర్లకూ గాలి పట్టించాడు.

తారు ఎక్కితే..

ఆ మలుపులో తప్పు గాలిది ఒక్కటే కాదు. తడి తారుపై మడ్ టెరైన్ టైరు పట్టు మామూలు టైరు కన్నా తక్కువ. ఇంత పెద్ద గుబ్బలున్న టైరు ఎందుకు జారుతుందన్న సందేహం సహజం. తారుపై పట్టు గుచ్చుకోవడం వల్ల రాదు, రబ్బరు నేలకు అంటుకోవడం వల్ల వస్తుంది. సగం ఖాళీ ఉన్న టైరులో అంటుకునే రబ్బరు తక్కువ. రోడ్డు టైరు దిమ్మెలపై బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు ఉంటాయి. సన్నని నీటి పొరను చీల్చి రబ్బరును తారుకు ఆనించేవి అవే. మడ్ టైర్లకు ఈ చీలికలు తక్కువ. పొడవాటి గుబ్బ బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు వంగుతుంది కూడా. లోతు నీటిని గాళ్లు తోడేస్తాయి కాబట్టి నిలిచిన నీటిలో తేలిపోవడం పెద్దగా ఉండదు. ప్రమాదమంతా తొలివాన జిడ్డులోనూ, తుంపరలోనూ. బ్రేకు దూరం పెరుగుతుందని గుర్తుంచుకుని ముందు బండికి ఎడం పెంచాల్సిందే.

మిగతా కష్టాలు చిన్నవి, కానీ నిత్యం ఉండేవి. అరవై దాటితే తుమ్మెద చెవిలో దూరినట్టు మోత. బరువైన చక్రాన్ని తిప్పడానికి ఇంజను ఎక్కువ డీజిల్ తాగుతుంది. క్లచ్, బ్రేకు, బేరింగులపై భారం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన కొలత కన్నా పెద్ద టైరు వేయిస్తే స్పీడోమీటరు కూడా అబద్ధమాడుతుంది. 245/75 ఆర్16 టైరు ఎత్తు 774 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 265/75 ఆర్16 వేస్తే 804. అంటే నాలుగు శాతం దాకా పెరిగినట్టు. మీటరు 60 చూపుతున్నప్పుడు బండి 62 దాటి పోతుంటుంది. ఇంతా చేసి నేలకూ ఇరుసుకూ మధ్య పెరిగిన ఎత్తు 15 మిల్లీమీటర్లు, అంటే ఒక వేలు మందం. ఫెండరు దాటి బయటకు పొడుచుకొచ్చే టైర్లతో చట్టపరమైన చిక్కు కూడా ఉంది. వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన తీరు నుంచి మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. తనిఖీలోనో, బీమా సొమ్ము దగ్గరో ఇది బయటపడితే యజమానే జవాబు చెప్పుకోవాలి.

అరుగుదల ఎలా ఉంటుంది?

మెత్తటి నేలలో గుబ్బల టైరు ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని తినేసేది తారు, అందునా ఎండాకాలపు తారు. నున్నటి గట్టి రోడ్డుపై గుబ్బ ముందు అంచు ఒకలా, వెనుక అంచు ఒకలా అరిగి రంపపు పళ్లలా తయారవుతుంది. చేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. మోత ఒక్కసారిగా పెరిగిందంటే కారణం ఇదే. ప్రతి ఏడెనిమిది వేల కిలోమీటర్లకు ముందు టైర్లను వెనక్కి, వెనుకవి ముందుకు మార్చడం దీనికి మందు. స్టెప్నీ కూడా అదే రకమైతే దాన్నీ వంతులో కలుపుకుంటే అయిదూ ఒకే తీరున అరుగుతాయి. ఫోర్ వీల్ బండ్లకు ఇది మరీ అవసరం. ముందు వెనుక టైర్ల ఎత్తులో తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్ల పెట్టెలో బిగువు పెరిగి అక్కడ నష్టం మొదలవుతుంది.

క్వారీ మెటల్ పరిచి తారు వేయకుండా వదిలేసిన దారుల్లో మరో రకం నష్టం జరుగుతుంది. పదునైన రాయిపై చక్రం గిర్రున తిరిగినప్పుడు గుబ్బ అంచులు ముక్కలుగా ఊడిపోతాయి. ఇది టైరు నాణ్యత లోపమని దుకాణదారుతో గొడవ పడేవారున్నారు గానీ చాలాసార్లు అది డ్రైవరు కాలి లోపమే. రాళ్లపై చక్రం తిప్పకూడదు, పాకించాలి.

టైరు ఎప్పుడు తీసేయాలన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. గాళ్ల మధ్య చిన్న అడ్డుకట్టల్లాంటివి ఉంటాయి. బటన్ వాటి మట్టానికి అరిగితే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు మిగిలినట్టు, అక్కడితో రోడ్డుపై దాని ఆయువు తీరినట్టు. బురదకైతే అంతవరకు ఆగనక్కర్లేదు. గుబ్బ సగం అరిగేసరికే బురదలో దాని పనితనం పడిపోతుంది. కొందరు యజమానులు వానాకాలమంతా కొత్త గుబ్బలు వాడి, సగం అరిగాక వాటిని మైదాన ప్రాంతపు బండ్లకు అమ్మేస్తారు. లెక్కకు ఇది తెలివైన పనే.

ఇంటికి చేరాక కడగడం మరువరాదు. రిమ్ము లోపలి వైపు ఎండిన అరకిలో మట్టి చాలు, మరునాడు తారుపై స్టీరింగు వణకడానికి. వీల్ బ్యాలెన్సింగ్ పోయిందని డబ్బులు వదిలించుకునే ముందు ఒక బకెట్టు నీళ్లు కొట్టి చూడటం మంచిది.

రీబటన్ జూదం

కొత్త మడ్ టైర్ల ధర చూసి వెనక్కి తగ్గినవారికి రీబటన్ టైర్లు దిక్కు. అరిగిన టైరుపై కొత్త బటన్ అతికించడం తప్పేమీ కాదు. లారీల రంగం చాలావరకు దీనిపైనే నడుస్తోంది. అతుకు ఎంత మంచిదైనా కింది టైరు ఒళ్లు గట్టిగా ఉండాలన్నదే షరతు. సంతల బండ్లకు వచ్చే పాత టైర్లలో ఆ ఒళ్లు ఎంతకాలం ఎండలో, ఎంత బరువు కింద నలిగిందో చెప్పేవారుండరు. ఘాట్ దిగుడులో బరువుతో, వేడితో బటన్ పట్టీలా లేచిపోతే ఆ క్షణంలో చేయగలిగింది తక్కువ. వెనుక చక్రాలకు తప్పనిసరైతే తప్పనిసరి. ముందు చక్రాలకు మాత్రం రీబటన్ వేయనే వేయకూడదు. స్టీరింగు వాటి చేతిలోనే ఉంది.

పాత కమాండర్లలో చాలా వాటికి ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. అందువల్ల వెనుక రెండింటికి కొత్త గుబ్బలు, ముందు రెండింటికి అరిగిన గుండు టైర్లు వేయడం ఇక్కడ మామూలైపోయింది. బండి బురదలోంచి ముందుకు పోతుంది, నిజమే. పోయే దిక్కును నిర్ణయించే ముందు టైర్లకు మాత్రం పట్టుండదు. కొండవాలులో స్టీరింగు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. డబ్బు రెండు టైర్లకే ఉంటే నాలుగూ ఒకే రకం మధ్యరకం ఏ.టి. టైర్లకు సర్దుబాటు చేసుకోవడం మేలు.

టైరు చేయలేని పని

ఎంత గొప్ప టైరైనా బండి పొట్ట నేలకు ఆనితే నిస్సహాయమే. ట్రాక్టర్లు తిరిగి లోతైన జాడలు పడిన దారిలో జీపు మధ్య భాగం, వెనుక ఇరుసు మీది డిఫరెన్షియల్ మట్టిపై కూర్చుంటాయి. చక్రాలు గాలిలో తిరుగుతుంటాయి. ఒక చక్రం జారితే శక్తి అంతా ఆ జారే చక్రానికే పోవడం సాధారణ డిఫరెన్షియల్ స్వభావం. రెండో చక్రానికి బంగారు టైరు తొడిగినా కదలదు. కొత్త బండ్లలో కొన్నింటికి దీన్ని బంధించే లాక్ ఉంటుంది. పాతవాటికి రాళ్లు, కొమ్మలు, పారే దిక్కు. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ గొయ్యి లోతవుతుంది కాబట్టి దిగబడిన మొదటి క్షణంలోనే కాలు తీసి, జనాన్ని దించి, వెనక్కి వచ్చిన జాడలోనే వెనక్కి తీయడం పాత డ్రైవర్ల పద్ధతి. కొందరు వెనుక టైర్లకు ఇనుప గొలుసు చుడతారు. అది పనిచేస్తుంది. తారు రాగానే విప్పకపోతే గొలుసు తెగి బ్రేకు పైపును కొట్టేస్తుంది.

ఎవరికి ఏది?

రోజూ నడిచే దారిలో మట్టి ఎంత, తారు ఎంత అన్నదాన్ని బట్టే నిర్ణయం ఉండాలి. గూడేల్లో తిరిగి వారానికి ఒకసారి పట్టణం చూసే జీపుకు మడ్ టెరైన్ టైరు ఖర్చు కాదు, అవసరం. విశాఖ నుంచో, రాజమహేంద్రవరం నుంచో లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి చూడటానికి వచ్చేవారి ప్రయాణం నూటికి తొంభై పాళ్లు తారుపైనే సాగుతుంది. వారికి ఏ.టి. టైరు చాలు. చివరి బురద ముక్కకు స్థానిక జీపు మాట్లాడుకుంటే ఆ డ్రైవరుకూ నాలుగు డబ్బులు వస్తాయి. గోవాలో 2014 నుంచి వానాకాలంలో జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ వంటి పోటీల్లో చూసిన టైరును సంత జీపుకో, ఆఫీసుకు పోయే థార్‌కో వేయించుకోవాలనుకోవడం మాత్రం పెళ్లి పల్లకీతో నాట్లకు పోవడమే.

రోగులను చేరవేసే బండ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఆ బండి ఒకే గంటలో బురద దాటాలి, ఘాట్ దిగాలి, పట్టణంలో వేగంగా పోవాలి. దానికి లోతైన గుబ్బల కన్నా అరగని ఏ.టి. టైర్లు, పనిచేసే గాలి గేజీ, నిండు స్టెప్నీ ముఖ్యం. తుపాను వచ్చిపోయాక టైర్లు కొనే శాఖలు తొలకరికి ముందే ఒకసారి బండి కిందికి వంగి చూస్తే డోలీ మోసే దూరం కొంతైనా తగ్గుతుంది.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు తయారీ తేదీ తప్పక చూడాలి. టైరు పక్కన చిన్న కోలగీతలో నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్టు. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. గుబ్బల అడుగున వెంట్రుక పగుళ్లు కనిపిస్తే బటన్ ఎంత ఉన్నా ఆ టైరును నమ్మరాదు. అందరూ మరిచేది స్టెప్నీని. బండి వెనుక ఎండకు ఎండి, వానకు తడిసి, ఒక్కసారీ నేలకు ఆనకుండా పదేళ్లు దాటిన స్టెప్నీలు మన్యంలో ఎన్నో ఉన్నాయి. ఈ నాలుగంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి. ఆ వైపు లోపలికి బిగించి ఉంటే జీపు కిందికి దూరి టార్చిలైటు వేసి చదవాల్సిందే.